నన్ను కుడి నుంచి చదవండి

తెలుగు వికీపీడియాలో 'తెలుగు' అనే వ్యాసం ఉంది కదా, దాని చిరునామాను నేను. మీ మాటల్లో లింకును. బ్రౌజర్ పట్టీలో చూస్తే ముందు హెచ్‌టీటీపీఎస్, కోలన్, రెండు వాలుగీతలు. తర్వాత టీఈ డాట్ వికీపీడియా డాట్ ఆర్గ్. ఒక వాలుగీత, వికీ, ఇంకో వాలుగీత. చివర అచ్చంగా మన లిపిలో 'తెలుగు'. గుణింతపు గుర్తుల్ని విడిగా లెక్కిస్తే మొత్తం 36 అక్షరాలు.

మా కుటుంబానికి మూలపురుషుడు టిమ్ బెర్నర్స్-లీ. మా నిర్మాణం ఎలా ఉండాలో 1994 డిసెంబరులో నియమాలుగా రాశారు. ఆ రెండు వాలుగీతలు లేకపోయినా పని జరిగేదేనని ఆయనే 2009లో ఒప్పుకున్నారు. తెలుగు వికీపీడియా మొదలైంది 2003 డిసెంబరులో.

నన్ను కాపీ చేసి ఎవరికైనా పంపి చూడండి. చాలా బ్రౌజర్లలో నా చివరి మాట మాయమై, శాతం గుర్తులూ ఇంగ్లిషు అక్షరాలూ అంకెలూ కలిసిన తోక ఒకటి వస్తుంది. చిరునామా ప్రయాణించే దారిలో నేటికీ పాత ఇంగ్లిషు అక్షరాలకే చోటు. ఒక్కో తెలుగు అక్షరం మూడు బైట్లు, ఒక్కో బైటుకు మూడు గుర్తులు. 'తెలుగు'లో ఒత్తుల్లేవు, గుణింతాలతో కలిపి ఆరు సంకేతాలు. అవి 54 గుర్తులవుతాయి. 36 ఉన్న నేను 84కు పెరుగుతాను. పక్కన ఒక్క తెలుగు మాట రాస్తే ఎస్సెమ్మెస్‌లో పట్టేది 70 అక్షరాలే. అంటే తెలుగు గురించి తెలుగులో పంపే ఒక్క సందేశంలో నేను ఇమడను. అది నాకు బాధ.

ఇంతకన్నా పెద్ద బాధ ఇంకొకటుంది. ఆ తోక చూసి జనం భయపడతారు. "ఇదేదో వైరస్ లింకులా ఉంది, నొక్కకు" అంటారు. నాలో దాపరికం లేదు, ఎక్కడికి తీసుకెళతానో మొత్తం బయటే రాసి ఉంది. పది పదిహేను అక్షరాల పొట్టి లింకు మాత్రం ముచ్చటగా కనిపిస్తుంది, చెయ్యి దానిమీదికే పోతుంది. దాన్ని చూసి గమ్యం చెప్పడం ఎవరి తరమూ కాదు.

పొట్టి లింకుల వాళ్లు చేసే పని తేలికైనదే. పట్టికలో ఒక పక్క పొడుగు చిరునామా, రెండో పక్క ఆరేడు అక్షరాల సంకేతం. చిన్నా పెద్దా ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు కలిపితే 62. ఆరు స్థానాల్లో వాటిని పేరిస్తే దాదాపు 5,680 కోట్ల సంకేతాలు. నొక్కగానే మీ ఫోను ముందు ఆ సంస్థ దగ్గరికి వెళుతుంది, అక్కడ "అటు పో" అన్న జవాబు అందుకుని అసలు చోటికి చేరుతుంది. 2002లో టైనీయూఆర్ఎల్ వచ్చింది, 2008లో బిట్‌లీ. ట్విట్టర్‌లో 140 అక్షరాల హద్దు ఉన్న రోజుల్లో ఇవి లేకుండా గడిచేది కాదు. వాటి మేలును నేను కాదనను.

కానీ మధ్యవర్తి పోతే దారీ పోతుంది. బిట్‌లీ పేరు చివర ఉండే ఎల్‌వై లిబియా దేశపు గుర్తు. అదే తోకతో నడిచిన వేరొక చిన్న సంస్థ పేరును 2010లో లిబియా అధికారులు లాగేసుకున్నారు. గూగుల్ కూడా 2009లో పొట్టి లింకులు మొదలుపెట్టి, 2019లో కొత్తవి ఇవ్వడం మానేసింది.

మోసగాళ్లకు కావలసిందీ ఈ ముసుగే. బ్యాంకు కేవైసీ అనీ, ట్రాఫిక్ చలానా అనీ వచ్చే సందేశాల్లో చిరునామా కనబడకపోవడమే వాళ్ల బలం. పొడుగు లింకుతోనూ మోసం చేస్తారు, అయితే అక్కడ పట్టుకోవచ్చు. మొదటి రెండు వాలుగీతలు దాటాక వచ్చే ఒంటి వాలుగీత దగ్గర ఆగండి. అక్కడి నుంచి ఎడమకు చదవండి. ఉత్తరం మీద ఇంటి నంబరు ముందూ జిల్లా, రాష్ట్రం చివరా ఉన్నట్టే, నాలోనూ పెద్దది చివర ఉంటుంది. కంప్యూటరు వాకబు చేసేదీ ఆ వరుసలోనే: ముందు ఆర్గ్, అందులో వికీపీడియా, దాని కింద తెలుగుకు గుర్తయిన టీఈ. ఆర్గ్ తర్వాత వాలుగీత రాకుండా ఇంకో చుక్క, ఇంకో పేరు వచ్చాయా, అది నేను కాదు. ఎడమ పక్క వికీపీడియా అని ఎన్నిసార్లు రాసి ఉన్నా సరే. పేరుకు ముందు 'ఎట్' గుర్తు కనిపించినా అంతే, ఆ గుర్తుకు ఎడమన ఉన్నదంతా కనికట్టు, అసలు ఊరు కుడివైపునే. వాలుగీత తర్వాతి భాగాన్ని సైటు యజమాని తన ఇష్టం వచ్చినట్టు రాసుకోవచ్చు, అక్కడ బ్యాంకు పేరు కనిపించినంత మాత్రాన నమ్మకండి. తాళం గుర్తు, హెచ్‌టీటీపీఎస్ చూసి కూడా నిశ్చింతగా ఉండకండి. దారిలో మీ మాటలు ఎవరూ వినరనే అది చెబుతుంది. అవతల ఉన్నది మంచివాడో కాదో చెప్పదు.

నాకూ ఒక పొట్టి రూపం ఉంది. వికీమీడియా ఫౌండేషన్ సొంతంగా నడిపే డబ్ల్యూ డాట్ వికీ అది, వికీమీడియా ప్రాజెక్టులకు తప్ప మరెక్కడికీ దారి ఇవ్వదు. ఎస్సెమ్మెస్‌లో నేను పట్టకపోతే దాన్ని పంపండి. చోటుంటే మాత్రం తోకతో సహా నన్నే పంపండి.