ముత్తాత కోసం వచ్చానంటే ఎన్ని ఎకరాలన్నారు

సోలాపూర్ తెలుగువాళ్లను ఏ ఊరని అడిగితే రెండు ఊళ్లు చెప్తారు. ఉండేది సోలాపూర్. ‘అసలు’ మాత్రం కరీంనగర్ పక్కనో నిజామాబాద్ పక్కనో ఇంకేదో. ఆ అసలు ఊరిని బస్సు కిటికీలోంచైనా చూడనివాళ్లే ఎక్కువ. మా ఇంట్లో ఆ అసలు పేరు ఆర్మూర్.

మిల్లు బట్ట వచ్చి మగ్గం బట్టను తొక్కేసిన కాలంలో, 1877లో మొదలైన జూనీ మిల్లు, దాని వెనకాలే పుట్టుకొచ్చిన మిల్లులూ మగ్గాలూ తెలంగాణ పద్మశాలీలను సోలాపూర్‌కు లాగేశాయి. ఆ బారులో నడిచిపోయినవాళ్లలో మా ముత్తాత ఒకడు. ఆర్మూర్‌కు రైలు 2017లో వచ్చింది. ఆయనకు అంత ఓపిక లేకపోయింది.

నేను వెళ్లింది ఫాల్గుణంలో. ఊరి చుట్టూ కల్లాల మీద ఉడకబెట్టిన పసుపు ఆరుతోంది. కాడి ఒక కుప్ప, గోళ ఒక కుప్ప. పక్కన డ్రమ్ము గిరగిరా తిరుగుతుంటే పొట్టు రాలి పసుపు నునుపు తేలుతోంది. ఆ దుమ్ములో మూతికి తువ్వాలలు చుట్టుకున్న మనుషుల కనుబొమ్మలు కూడా పచ్చగా ఉన్నాయి. సంచి భుజాన వేసుకుని, చేతిలో పుస్తకంతో నిలబడ్డ నన్ను చూసి, “పసుపు బోర్డు సారా?” అన్నాడొకాయన. 2025 జనవరిలో బోర్డు నిజామాబాద్‌కు వచ్చినప్పటి నుంచి ఈ చుట్టుపక్కల పుస్తకం పట్టుకున్న ప్రతివాడి మీదా జనానికి కొంచెం ఆశ. కాదని, మా ముత్తాతది ఈ ఊరేనని చెప్పాను.

“ఎన్ని ఎకరాలు?”

“భూమి కాదు తాతా, ఆయన గురించి తెలుసుకుందామని.”

“మనిషి ఏడున్నడిప్పుడు?”

“పోయి ఎనభై ఏండ్లయితది.”

“పోయినోని కోసం ఎవడొస్తడు బిడ్డా, భూమి కోసం గాకపోతె?”

ఆయన్ని తప్పుపట్టలేను. 44వ నంబరు, 63వ నంబరు జాతీయ రహదారులు రెండూ కలిసే ఊరిది. ఇక్కడ గజం జాగాకు కూడా ఇద్దరు వారసులుంటారు, మూడోవాడు దుబాయ్ నుంచి బయల్దేరి ఉంటాడు. మధ్యాహ్నానికల్లా కబురు పాకింది. చాయ్ హోటల్లో ఒకరు “ధరణిల తప్పు పడ్డదా?” అని సానుభూతి చూపారు. ఇంకొకరు కోర్టుకు పోతే తరాలు పడుతుందని హెచ్చరించారు. నలభై ఏళ్లు కూడా నిండని ఒకాయన మాత్రం నన్ను పక్కకు తీసుకెళ్లి, “వాటా ఇస్తనంటె సాచ్చెం నేను చెప్త. మీ ముత్తాతను నా కండ్లతోని చూసిన” అన్నాడు.

పేరు పట్టుకుని వెతుకుదామంటే అది ఇంకో తమాషా. గోదావరిని గంగ అనే సీమ కాబట్టి ఇంటికో గంగారాం. భీంగల్ దగ్గర లింబాద్రి గుట్ట మీద నరసింహస్వామి ఉన్నాడు కాబట్టి మిగిలినవాడు లింబాద్రి. ఒకే ఇంట్లో ముగ్గురుంటే పెద్ద గంగారాం, నడిపి గంగారాం, చిన్న గంగారాం. మా ముత్తాత పేరు కూడా ఈ రెండిట్లో ఒకటే. ఏదో చెప్పి ప్రయోజనం లేదు. ఇంటిపేరుతో వడపోద్దామని 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ అభ్యర్థుల జాబితా తెరిచాను. పసుపు, ఎర్రజొన్న రైతులే 170 మందికి పైగా నిలబడగా మొత్తం 185 మందితో నిండిన జాబితా అది. జిల్లా ఇంటిపేర్లు ఒక్కచోట దొరకాలంటే దాన్ని మించింది లేదు. మాది లేదు. మావాళ్లు పోటీకి కూడా ఆగకుండా పోయారన్నమాట.

ఇక రికార్డులు. తెలంగాణలో అందరూ మొక్కే గ్రంథం 1954-55 నాటి ఖాస్రా పహాణీ. అంతకు వెనక్కి పోతే ఉర్దూ రాత, ఫస్లీ లెక్క. ఫస్లీకి 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది. ఆ కాగితాల్లో పట్టాదారు ఉంటాడు, కాస్తుదారు ఉంటాడు, సర్వే నంబరు, శిస్తు, బావి, చెరువు నీళ్లు అన్నీ ఉంటాయి. మగ్గందారు అనే గడి లేదు. భూమి లేనివాడు పుట్టినా పోయినా దేశం వదిలి వెళ్లినా ఈ రాజ్యానికి పట్టలేదు, రాసుకోలేదు.

పద్మశాలీ గల్లీలో ఒక ముసలమ్మ, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. తునికాకు కత్తిరించడం, పొగాకు పోయడం, దారం చుట్టడం, వీటిలో ఒక్కటీ ఆపకుండా తల కూడా ఎత్తకుండా నా కథంతా విన్నది. “మా పసుపు సాంగ్లీకి పోతది, మీరు సోలాపూర్ పోయిన్రు. రేటున్న కాడికి పోయిన్రు, దీన్ల అడుగుడేముంది కొడుకా” అని తేల్చేసింది. పెద్ద పెద్ద పుస్తకాల్లో చదివిన వలసల కారణాలన్నీ దీంట్లో వచ్చేశాయి. చివర్లో దయతలచి, “కూనపులోళ్లనడుగు” అంది.

ఆ మాట నాకు ముందే తట్టాల్సింది. కాపులకు వంశరాజులు, మాదిగలకు డక్కలివాళ్లు ఉన్నట్టే పద్మశాలీలకు కూనపులివాళ్లు. బొమ్మల పటం విప్పి మార్కండేయ పురాణం చెప్తారు, భావనారుషి కథ చెప్తారు, ఇంటింటి గోత్రం, ఇంటిపేరు చదివి తమకు రావలసిన త్యాగం తీసుకుంటారు. ఊళ్లను మిరాశీలుగా పంచుకుని తరతరాలుగా తిరిగినవాళ్లు. ఈ గల్లీ మిరాశీ ఎవరిదని అడిగితే, “ఆ పిల్లగాడు దుబాయ్ పోయిండు” అన్నారు.

అంటే మా వంశవృక్షం ప్రస్తుతం దుబాయ్‌లో ఉంది. నంబరు దొరికింది. వాట్సాప్‌లో వీడియో కాల్ చేస్తే, వెనక మంచం మీద మంచం ఉన్న గదిలోంచి ఒక కుర్రాడు పలికాడు. గోత్రం అడిగాడు. చెప్పగానే గొంతు మారిపోయింది. రాగం ఎత్తుకుని గోత్రం, రుషి పేరు, ఇంటిపేరు గడగడా చదివాడు. పై మంచం మీద పడుకున్నవాడు లేచి కూర్చున్నాడు. తర్వాత మామూలు గొంతుతో, “మీ ఇంటిపేరోళ్లు సోలాపూర్ పోయిన్రని మా అయ్య చెప్పేటోడన్నా. పోయేటప్పుడు త్యాగం ఇయ్యకుంట పోయిన్రట. బాకీ ఉన్నది” అన్నాడు.

ఆర్మూర్ మొత్తంలో మా ముత్తాత మీద దొరికిన ఏకైక రికార్డు అది.

“ఎంత?” అన్నాను. “నాలుగు తరాలది గదన్నా, నువ్వే సమజ్ చేస్కో” అని, ఇంటిదాని నంబరు ఇచ్చి ఫోన్‌పే చేయమన్నాడు. చేశాను. ఆ సాయంత్రం దగ్గర్లోని అంకాపూర్‌లో భోంచేశాను. వండినాయన అది అసలైన నాటుకోడేనని కోడి పుట్టుపూర్వోత్తరాలతో సహా ప్రమాణం చేశాడు. ఆ కోడికి దొరికినన్ని ఆధారాలు నాకు దొరకలేదు.

సోలాపూర్, భివండి, ముంబైలలో ఉన్న మా ఇంటిపేరు బంధువులకు మనవి: భూమిలో వాటా ఏమీ తేలలేదు. బాకీలో తేలింది. మీ వంతు నాకు పంపగలరు.