సున్నా బిల్లు, సన్న లెక్క

కర్ణాటకలోని హొసకోటెలో తెల్లారకముందే దమ్ బిర్యానీకి లైను కడతారు. ప్లేటు ధర ముందే తెలుసు. కరెంటు బిల్లు మాత్రం చేతికొచ్చేదాకా సస్పెన్సే!

కర్ణాటక ‘గృహజ్యోతి’ పథకంలో ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా కరెంటు ఉచితం. 2023 ఆగస్టు నుంచి సున్నా బిల్లులు. భేష్.

కాకపోతే ఎవరి కోటా వారిదే. పథకం మొదలైనప్పటి సూత్రం: 2022-23లో నెలకు సగటున కాల్చిందెంతో అంత, పైన 10 శాతం. అప్పుడు 180 కాల్చిన దొరగారికి 198 ఉచితం. బల్బూ ఫ్యానుతో 40లో సరిపెట్టుకున్న పేదమ్మకు 44. పొదుపు చేసినందుకు బహుమానం... ఇంకా పొదుపు!

కోటా దాటితే దాటినంత కట్టాలి. 200 దాటితే మొత్తం బిల్లూ నెత్తినే. ఆ ఒక్క 201వ యూనిట్ భయంతో నెలాఖరున మిక్సీ అటకెక్కుతుంది, రోలు కిందికి దిగుతుంది. ఫ్యాను స్విచ్ పక్కనే బామ్మ కాపలా.

హొసకోటె చుట్టాలకు మనవి: 25వ తేదీ దాటాక వచ్చేవారు ఫోన్లు మీ ఇంట్లోనే ఛార్జింగ్ పెట్టుకుని రండి. విసనకర్ర మేమిస్తాం.