పైకమెటులనంగ: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యము

అవతారిక

ఉద్యోగం మానేసి సొంతంగా పని చేసుకుందామని బయల్దేరిన ఒక నవ కాంట్రాక్టరుకు మొదటి పని దొరికిన సందర్భంలోనిది ఈ పద్యం. నాయకుడు మాదాపూర్‌లో కొన్నేళ్లు జీతం తీసుకున్నవాడు. జీతగాడికి డబ్బు ఎలా వస్తుందన్న చింత ఉండదు. నెలాఖరున ఫోన్ మోగుతుంది, అంతే. అటువంటివాణ్ణి పట్టుకుని "పేమెంటు ఎలా చేయమంటారు?" అని ఎదుటివాడు అడిగితే ఏమన్నాడో, ఆపైన ఏమైందో నాలుగు పాదాల్లో చెప్పిన కవి తన పేరు మాత్రం చెప్పుకోలేదు. చెప్పుకుంటే రావలసిన బాకీ కూడా రాదని కాబోలు.

మూలము

ఆ. పనికి పిలిచి యొకఁడు పైకమెటులనంగ
మీదె యిష్టమనుచు మెల్లననియె
పనియు ముగిసె నెలలు పలుకక గడిచెను
చేతికేమి రాక చిక్కెఁ జూడు

ప్రతిపదార్థము

పనికి = వెబ్‌సైటు చేసిపెట్టే పనికి; పిలిచి = కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి; ఒకఁడు = ఒక కంపెనీవాడు; పైకము = రుసుము; ఎటులు + అనంగ = ఎలా కావాలని అడుగగా; మీదె + ఇష్టము + అనుచు = "మీ ఇష్టం సార్, ఎలా ఇచ్చినా పర్లేదు" అనుచు; మెల్లన = తన చెవికే వినపడనట్లు; అనియె = పలికెను; పనియు = ఒప్పుకున్న పనియు, ఒప్పుకోని 'చిన్న మార్పులు' అనేకమును; ముగిసె = పూర్తయ్యెను; నెలలు = ఒకటి కాదని బహువచనము; పలుకక = వాట్సాప్‌లో బ్లూ టిక్కులు తప్ప వేరు జవాబు లేక; గడిచెను = కడచిపోయెను; చేతికి = బ్యాంకు ఖాతాకని భావము; ఏమి రాక = పైసయు రాక; చిక్కెన్ = చిక్కెను; చూడు = ఓ చదువరీ, చూడుము.

అన్వయము: 'అనియె', 'చిక్కె' క్రియలకు కర్త పద్యంలో లేడు. 'కొత్త కాంట్రాక్టరు' అని అధ్యాహారం చేసుకోవాలి. ఒప్పంద పత్రం మీద పేరు లేనివాడికి పద్యంలో మాత్రం ఎందుకుంటుందని కవి హృదయం.

తాత్పర్యము

డబ్బు ఎలా కావాలని అడిగినప్పుడు సిగ్గుపడినవాడు, ఆ తర్వాత డబ్బు అడగడానికి సిగ్గు విడవవలసి వచ్చింది.

విశేషములు

'ఎటులు' అన్నది పైకి ఒకే ప్రశ్న, లోపల మూడు: ఏ కొలతకు, ఏ దారిన, ఎప్పటికి. నాయకుడు ఒకే మాటతో మూడింటినీ ఎదుటివాడికి ధారపోశాడు.

కొలత. ఇవి మూడు: గంట, గుత్త, నెల. పని అంచు కనపడనప్పుడు గంట లెక్క మేలు. "ఇంకొక్క చిన్న మార్పు" అన్నప్పుడల్లా గడియారం మన పక్షాన తిరుగుతుంది. అంచు తెలిసినప్పుడు గుత్త మేలు. చేయి తిరిగినవాడు త్వరగా ముగిస్తే మిగిలిన కాలం అతనిదే. కానీ గుత్తలో ఏమేమి ఉన్నాయో, ఎన్నిసార్లు మార్చిపెడతాడో రాసుకోకపోతే గుత్త కాస్తా వెట్టి అవుతుంది. పని ఎడతెగకుండా వచ్చే చోట నెలకింత అనుకోవడం సుఖం. ఏ కొలతైనా, పాత జీతాన్ని 30తో భాగించి రోజు రేటు చెప్పడం ప్రథమ దోషం. పీఎఫ్‌లో యజమాని వాటా, ఆరోగ్య బీమా, సెలవు రోజుల జీతం, పని దొరకని వారాలు ఆ భాగహారంలో కనపడవు.

ఇక్కడ ప్రమాణం మేస్త్రీ మతం. ఇల్లు కట్టే మేస్త్రి పునాదికింత, స్లాబుకింత, ప్లాస్టరింగుకింత అని ముందే తెగ్గొట్టుకుంటాడు. స్లాబు డబ్బు అందకపోతే ఆపై పని ఎక్కడిదక్కడే. ఇంజినీరింగ్ చదివినవాడు 'మైల్‌స్టోన్' అని నేర్చుకునేది ఈ శాస్త్రాన్నే.

దారి. నగదు అనేవాడున్నాడు. ఒకే లావాదేవీకి 2 లక్షలు, ఆపైన నగదుగా పుచ్చుకోకూడదు. పుచ్చుకుంటే జరిమానా ఇచ్చినవాడికి కాదు, పుచ్చుకున్నవాడికి, అదీ పుచ్చుకున్నంత మొత్తం. చెక్కుకు ఆయుర్దాయం 3 నెలలు. అది బౌన్సయితే 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ ఉంది. బ్యాంకు నుంచి కబురందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి, అందుకున్నవాడికి 15 రోజుల వ్యవధి ఇవ్వాలి, అప్పటికీ కట్టకపోతే కేసు వేయాలి. వెబ్‌సైటు చేయడానికి వచ్చినవాడు కోర్టు వాయిదాలకు తిరగడం ఏ కొలతలోనూ గిట్టదు. యూపీఐ చిన్న మొత్తాలకు చాలు. సాధారణంగా రోజుకు లక్ష దగ్గర ఆగుతుంది.

స్వదేశంలో రాజమార్గం బ్యాంకు బదిలీయే. నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి, 2 లక్షలకు తక్కువ కాని మొత్తాలకు పనికొచ్చే ఆర్టీజీఎస్ 2020 డిసెంబరు నుంచి, రాత్రీ పగలూ, పండగా పబ్బమూ లేక నడుస్తున్నాయి. కాబట్టి "ఇవాళ బ్యాంకు సెలవండీ" అన్న ప్రాచీన వాక్యానికి ఇప్పుడు ప్రామాణ్యం లేదు.

పిలిచినవాడు డాలస్‌లో ఉన్న బావగారి స్నేహితుడైతే దారి సముద్రం దాటుతుంది. స్విఫ్ట్ బదిలీలో ఖర్చు ఎవరిదో తేల్చే మూడు బీజాక్షరాలున్నాయి. 'ఓయూఆర్' అంటే పంపేవాడిది, 'బీఈఎన్' అంటే మనది, 'ఎస్‌హెచ్‌ఏ' అంటే ఇద్దరిదీ. ఏదీ అనుకోకపోతే మధ్య బ్యాంకులు దారిలో తలా కొంత తీసుకున్నాకే మిగిలింది చేరుతుంది. యాప్‌ల ద్వారా పుచ్చుకునేవారు ఫీజు ఒక్కటే చూస్తే చాలదు. డాలరును ఏ రేటున రూపాయి చేస్తున్నారో చూడాలి, అసలు కోత అక్కడ ఉంటుంది. పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుంచి దేశంలోపలి చెల్లింపులు మానేసింది కనుక, దాన్ని విదేశీ బాకీకే తలచుకోవాలి.

కోత. 'ఎటులు'లో కనపడని నాలుగోది ఇది. బిల్లు 60 వేలు, ఖాతాలో పడింది 54 వేలు. మొదటిసారి చూసినవాడు మోసమనుకుంటాడు. అది టీడీఎస్, అంటే డబ్బిచ్చేవాడే ముందుగా కోసి సర్కారుకు కట్టే పన్ను. ఈ విషయంలో అకౌంటెంట్లలో పాఠభేదముంది. పనిని వృత్తి సేవగా చదివినవారు 1961 ఆదాయపు పన్ను చట్టం 194జె ప్రకారం 10 శాతం కోస్తారు; దీనికి గడప 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 50 వేలు. కాంట్రాక్టు పనిగా చదివినవారు 194సి ప్రకారం వ్యక్తికి 1 శాతమే కోస్తారు. ఏ పాఠం తీసుకున్నారో పనికి ముందే అడగాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలైన 2025 నాటి కొత్త చట్టంలో ఇవి 393వ సెక్షన్‌లో కూడాయి. అంకె మారింది, కోత ఉంది. కోసిన సొమ్ము మన పాన్ పేరున జమై పన్నులో సర్దుబాటవుతుంది, ఎక్కువైతే తిరిగొస్తుంది. రిటర్ను వేయనివాడికి మాత్రం పోయినట్టే. పాన్ ఇవ్వనివాడికి కోత 20 శాతం.

కాలం. 'నెలలు' అన్న బహువచనానికి మందు 2006 నాటి ఎంఎస్‌ఎంఈ అభివృద్ధి చట్టంలో ఉంది. సూక్ష్మ, చిన్న సంస్థగా ఉద్యమ్ పోర్టల్‌లో నమోదైనవారికి, ఒప్పందం ఏమన్నా సరే, పని అంగీకరించిన 45 రోజుల్లో డబ్బివ్వాలి. ఒప్పందమే లేకపోతే 15 రోజుల్లో. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా. గడువు దాటిన బాకీని అసలు చెల్లించేదాకా కంపెనీ తన పన్ను లెక్కలో ఖర్చుగా చూపుకోవడానికీ లేదు. ఒక్క మనిషైనా నమోదు కావచ్చు, రుసుము లేదు. పని ఒప్పుకోకముందే ఆ నంబరు తీసుకుని ఇన్వాయిస్ మీద వేసుకుంటే, అకౌంట్స్ విభాగానికి మన పేరు త్వరగా గుర్తుంటుంది.

పూర్వపక్షము: మొదటి పని. ముందే డబ్బు మాట ఎత్తితే ఉన్న పని కూడా పోదా?

సిద్ధాంతము: మాట ఎత్తినవాడు కంపెనీవాడే. మొదటి పాదంలో 'పైకమెటులు' అన్నది అతడు. అడిగినవాడికి జవాబు చెప్పడం అమర్యాద కాదు. పైగా కంపెనీ లెక్కల్లోకి పేరెక్కాలంటే పాన్, ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ, ఇన్వాయిస్ ఎలాగూ కావాలి. అవి మొదటే ఇచ్చినవాడి ఫైలు కదులుతుంది, "మీ ఇష్టం" అన్నవాడిది కదలదు. ఇక అడ్వాన్సు అనగానే పారిపోయేవాడు పని ముగిశాక మాత్రం నిలబడతాడా? వాడు ముందే పారిపోవడం లాభం.

అలంకారము: 'చిక్కె' అన్నచోట శ్లేష. చిక్కుకుపోయెననియు, బక్కచిక్కెననియు రెండర్థాలూ నాయకుడికి సరిపోయాయి. అతిశయోక్తి లేదు.

ఛందస్సు: ప-పై, మీ-మె, ప-ప, చే-చి. కవి ఎక్కడా యతి తప్పలేదు. కంపెనీవాడే గడువు తప్పాడు.

పాఠాంతరము: కొందరు అనుభవజ్ఞులు రెండో పాదాన్ని "సగము ముందు సగము సరకు తోడ" అని చదువుతారు. ఛందస్సు చెడదు. ఈ పాఠం తీసుకుంటే పద్యం అక్కడే ముగుస్తుంది. తక్కిన రెండు పాదాలకు కథ ఉండదు. వ్యాఖ్యాతకు పని పోయినా, మేము ఈ పాఠాన్నే ఆదరిస్తున్నాం.

ఫలశ్రుతి

ఈ టీకను చదివినవారికి, విన్నవారికి ఏ ఫలమూ లేదు. కొలత, దారి, గడువు, కోత నాలుగింటినీ ఒక ఈమెయిల్లో రాసి, ఎదుటివాడి చేత "సరే" అనిపించుకున్నాకే పని మొదలుపెట్టినవారికి మాత్రమే ఫలం. ఆ ఈమెయిల్ ఇవాళే పంపండి.