చివరి క్

బుడాపెస్ట్‌లో ఒక పాత ఫ్లాట్‌లో, కిటికీ పక్కనున్న టైపు మిషన్ మీద ‘క్’ మీటను నేను. కుడిచేతి నడిమివేలి కింద నా చోటు. నా మీది అక్షరం ఎప్పుడో చెరిగిపోయింది. చెరగదా మరి? మీకు బహువచనానికి ‘లు’ ఎలాగో హంగేరియన్‌కి నేనలాగ.

హల్లుతో ముగిసే మాటకు అంటుకోవాలంటే నాకు మధ్యలో ఒక అచ్చు తోడు కావాలి. బల్ల ‘అస్తల్’, బల్లలు ‘అస్తలొక్’. తోట ‘కెర్త్’, తోటలు ‘కెర్తెక్’. మాటలో ఏ జాతి అచ్చుంటే తోడొచ్చేదీ ఆ జాతిదే. మీ ‘పులి’ ‘లు’ కోసం తన ఇకారాన్ని మార్చుకుని ‘పులులు’ అవుతుంది. ఇక్కడ చాలావరకు మాట మెట్టు దిగదు, సర్దుకోవాల్సింది మేమే. మొండివీ ఉన్నాయి. వంతెన ‘హీద్’. వంతెనలు ‘హీదెక్’ కావాలి కదా? కాదు, ‘హిదక్’. దీర్ఘం కూడా పోయింది! ఒకప్పుడు అందులో వేరే అచ్చు ఉండేదంటారు భాషాచరిత్ర చదివినవాళ్ళు.

నాకిష్టమైన మాట ‘అల్మ’, అంటే ఆపిల్. నేనొస్తున్నానంటే చివరి అకారం ముందే దీర్ఘం తీస్తుంది: ‘అల్మాక్’. ఒక చలికాలం నా కడ్డీ బిగుసుకుపోయి, కాగితం మీద ‘అల్మా’ అని పడి ఆగింది. ఇంటావిడ నవ్వింది. ఆ దీర్ఘం ఉందంటే వెనక ఇంకేదో రావాలని ఇక్కడ చిన్నపిల్లలకీ తెలుసు.

ఆవిడ ఇంట్లో ఒక తెలుగమ్మాయి అద్దెకుంటోంది. ఒకరోజు ‘ఐదు ఆపిల్స్’ అనబోయి ‘ఒత్ అల్మాక్’ అని కొట్టింది.

“ఐదని చెప్పేశావుగా, ఇంకా ‘క్’ ఎందుకమ్మా?” అంది ఆవిడ. “‘ఒత్ అల్మ’ చాలు.”

“మరి చాలా ఉంటే?”

“అప్పుడూ అంతే. ‘షొక్ అల్మ’.”

‘షొక్’ అంటే చాలా. దాని చివర ఉన్నది నా అక్షరమే, అయినా దాని పక్కనున్న మాటకి నేను పనికిరాను. అంతెందుకు, రెండు కళ్ళూ మండుతున్నా ఆవిడ ‘నా కన్ను’ అనే అంటుంది. జంట కలిపి ఒకటే లెక్క. అందుకే ఒంటికన్నువాడు వీళ్ళకి ‘ఫేల్‌సెమూ’, అంటే అరకన్నువాడు.

‘నా’ అంటే అసలు నన్ను గెంటేస్తారు. నా ఆపిల్స్ ‘అల్మాయిమ్’. బహువచనం పని ఇకారం లాక్కుంది. మా ఆపిల్స్ ‘అల్మాయింక్’లో నేనున్నాను గానీ, అక్కడ లెక్క పళ్ళది కాదు, మనుషులది.

నిన్న ఎదురింటివాళ్ళకి చీటీ రాయాల్సొచ్చింది. వాళ్ళ ఇంటిపేరు కొవాచ్, ఇక్కడ వీధికొకరికి ఉండే పేరు. ఇంటిల్లిపాదినీ కలిపి ‘కొవాచేక్’ అనాలని ఆవిడ చెబుతుండగానే, “మా ఊళ్ళో సుబ్బారావుగారి వాళ్ళు అన్నట్టా!” అంది ఆ పిల్ల. చీటీ తనే కొట్టింది. చివర నన్ను కాస్త గట్టిగానే నొక్కింది, కాగితం అవతలికి గుంట పడేలా.