పదిగంటల సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: నూతన యంత్రమును తొలి గంట సగము వేగమునకు, రెండవ గంట ముప్పాతికకు మించి నడపరాదు. పది గంటలు నిండువరకు పూర్తి వేగమున ఏకధాటిగా అయిదు నిమిషములు దాటరాదు.

అవతారిక: పడవ వెనక తగిలించే మోటారుతో వచ్చే పుస్తకంలోని సూత్రమిది. వరదకు పనికొస్తుందని కొన్న మోటారుకు షామియానా వేసి, పూలదండ తొడిగి, ముఖ్య అతిథి చేత తాడు లాగించి, ఫొటో కోసం తొలి నిమిషంలోనే పూర్తి వేగంతో తోలించే ఆచారం ఒకటి ఉంది. అది చూసి ఒళ్లు మండి ఈ వ్యాఖ్యకు పూనుకున్నాం.

ప్రతిపదార్థం తేలిక కనక వదిలేస్తున్నాం. మూలంలో లేనిది రాయనని సంస్కృత కావ్య వ్యాఖ్యాత మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. మనకు ఆ ఒట్టు లేదు.

ముందు గంట సంగతి. మన పూర్వులది ఘడియల లెక్క. అడుగున సన్నని బెజ్జం ఉన్న రాగి గిన్నెను నీళ్లమీద వదిలితే, అది నిండి మునిగేసరికి ఒక ఘడియ, అంటే 24 నిమిషాలు. మునిగే పాత్రతో కాలం కొలిచిన జాతి మనది. మళ్లీ గిన్నె తీసి, నీళ్లు ఒంపి, తేల్చి, పక్కనే కునుకు తీయకుండా కూర్చునే మనిషి ఒకడు కావాలి. పెళ్లి ముహూర్తం వచ్చిందీ లేనిదీ కూడా ఆ గిన్నెను చూసే చెప్పేవారు. గిన్నె కాసిన మనిషి పేరు మాత్రం ఏ శుభలేఖలోనూ పడలేదు. రెండు ఘడియలు ఒక ముహూర్తం, 48 నిమిషాలు. సూత్రం అడిగింది 60 నిమిషాలు. కాబట్టి ముహూర్తం వెళ్లిపోయాక కూడా పన్నెండు నిమిషాలు సగం వేగంతో పడవ నడపాలి. ఆ పన్నెండు నిమిషాలు ఒడ్డున ఎవరుంటారు? షామియానా వాడుంటాడు, కుర్చీలు లెక్కపెట్టుకుంటూ.

ఇంతకీ మోటారు గురించి కదూ. కొత్త సిలిండరు గోడ మీద సన్నటి అడ్డగీతలుంటాయి. పిస్టన్ రింగులు వాటికి ఒరుసుకుని కుదురుకోవడానికే ఈ పది గంటలు. చాలా టూస్ట్రోక్ మోటార్లకు అప్పటిదాకా పెట్రోల్లో ఆయిల్ పాతిక పాళ్లకు ఒకటి కలపాలి, తరవాత యాభైకి ఒకటి చాలు. ఇంజనును చల్లబరిచే నీరు పక్కనుంచి సన్నటి ధారగా పడుతూ ఉండాలి. వ్యాఖ్యాతలు సభ్యత కోసం దీన్ని జలతర్పణం అన్నారు. పడవవాళ్లకు అంత మొహమాటం లేదు.

ఇక నిమ్మకాయ. కొత్త బండి చక్రం కింద పెట్టి తొక్కించాలని రోడ్డు సంప్రదాయం. పడవకు చక్రం లేదు, పంకా కింద పెడదామంటే నిమ్మకాయ తేలిపోతుంది. ఈ చిక్కు మీద ఒడ్డున పండితులు ఎంతసేపైనా వాదిస్తారు. ఆయిల్ పాళ్ల మీద ఒక్కరూ నోరు విప్పరు.

పూర్వపక్షం: వరద సగం వేగంతో రాదు గదా?

సమాధానం: రాదు. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు దిగేది మన కొల్లేటి సరస్సులోకే. లంక ఊళ్లకు నీరొచ్చిన రోజున, దండ ఎండిపోయిన మోటారును గోదాం నుంచి తెచ్చి, రింగులు కుదరని ఇంజనుతో ఎదురు నీట్లో పూర్తి వేగం తీస్తారు. మధ్యలో అది ఆగిపోతే పడవలో ఉన్న ముసలమ్మ ఏ సూత్రం చదువుకోవాలి?

అందుకే వరదకు ముందే తిప్పాలి. ఎక్కడ తిప్పాలో సూత్రకారుడు చెప్పలేదు. మనకు దగ్గర్లో ఉన్న ఏలూరు కాలువ 2008 నుంచి నాలుగో జాతీయ జలమార్గంలో భాగం. కాగితం మీద దాన్ని పట్టుకుని పుదుచ్చేరి దాకా పోవచ్చు. వేసవిలో కాలువ కట్టేస్తారు, నీళ్లు వదిలాక గుర్రపుడెక్క కమ్ముతుంది. అది పంకాకు చుట్టుకుంటుంది, నీరు పీల్చే రంధ్రాలు మూస్తుంది, జలతర్పణం ఆగుతుంది, ఇంజను కాగిపోతుంది. పుస్తకం రాసినాయన గుర్రపుడెక్కను చూసినట్టు లేడు. కొల్లేట్లోకి దిగుదామంటే అయిదో కాంటూరు (ఎత్తు సూచించే గీత) దాకా 1999 నుంచి అభయారణ్యం. అక్కడి ఆటపాక గూడబాతులు మోటారు మోతకు సంతోషించవు. అయినా మనసుంటే కాలువలోనే ఒక మెకానిక్కునీ, కత్తి పట్టుకుని డెక్క కోసే మనిషినీ పెట్టి రోజుకు రెండేసి గంటలు తిప్పించవచ్చు. షామియానాకు ఉన్న డబ్బు దీనికీ ఉండాలి. శిలాఫలకం మీద మాత్రం వాళ్ల పేర్లు వేయరు.

ఇరవై గంటలకు గేరాయిలూ, ఫోర్‌స్ట్రోక్ మోటారైతే ఇంజనాయిలూ మార్చాలని ఉత్తర సూత్రం. పది గంటలే తిరగనిదానికి ఆ వ్యాఖ్య అనవసరం గనక రాయడం లేదు.