ఒక సెమిస్టర్ ముందొచ్చిన అన్న

అమెరికా వెళ్లే తెలుగు కుర్రాడికి యూనివర్సిటీ ఐ-20 ఇస్తుంది, బ్యాంకు అప్పిస్తుంది, కాన్సులేటు వీసా ఇస్తుంది. మిగిలిన జ్ఞానమంతా సీనియర్ ఇస్తాడు.

సీనియర్ అంటే డాక్టరేటు చేస్తున్న ఏ పెద్దమనిషో అనుకునేరు. ఆగస్టులో దిగినవాడు జనవరిలో దిగేవాడికి సీనియర్. మధ్యలో ఉన్నవి నాలుగైదు నెలలే. ఆ నాలుగైదు నెలల్లో ఆయన మూడు సబ్జెక్టులు చదివాడు, రెండుసార్లు సిమ్ మార్చాడు, ఒకసారి మంచులో జారిపడ్డాడు. ఇంకేం అర్హత కావాలి?

ఇప్పుడు మనం చెప్పుకునే సీనియర్‌ది కరీంనగర్. ఉండేది చికాగోలో, దక్షిణాన 35వ వీధి పక్కన. ఆయన చేతికి చిక్కినవాడు తెనాలి కుర్రాడు. "అన్నా, చలి బాగా ఎక్కువంటున్నారు, నిజమేనాండీ?" అని వాడు వాట్సాప్‌లో అడిగాడు. "ఏం పరేషాన్ కాకు తమ్మీ, నేనున్న గదా" అని అర్ధరాత్రి జవాబొచ్చింది. చలికీ ఈయన ఉండటానికీ సంబంధమేమిటో వాడికి బోధపడలేదు గానీ, తెనాలిలో వాళ్లమ్మకి మాత్రం సగం బెంగ తీరిపోయింది.

తర్వాత సామాన్ల జాబితా వచ్చింది. కళ్లజోళ్లు రెండు జతలు చేయించుకో, ఇక్కడ ఖరీదు. కుక్కరుకి గాస్కెట్లు నాలుగు తెచ్చుకో, దొరకవు. పంటి బాధ ఏదైనా ఉంటే అక్కడే పీకించుకుని బయల్దేరు. ఇవన్నీ నిజంగా పనికొచ్చే మాటలే, సీనియర్‌ని ఊరికే ఆడిపోసుకోకూడదు. చివర్లో మాత్రం ఓ చిన్న మాట: "మా అమ్మ ఆర్టీసీ కార్గోల చిన్న డబ్బా ఒకటి ఏస్తది తమ్మీ. జేబీఎస్ బస్టాండ్ల తీస్కో." చిన్న డబ్బా తొమ్మిది కిలోలు తూగింది. కందిపొడి, సకినాలు, మక్క గారెలు, మామిడికాయ తొక్కు. విమానంవాళ్లు ఒక్కో సూట్‌కేసుకి 23 కిలోలే ఇస్తారు కాబట్టి తెనాలి కుర్రాడు తన ఆవకాయలో సగం, పాతిక వేల రూపాయలు పోసి కొన్న బూట్లు ఇంట్లోనే దింపేసి బయల్దేరాడు.

ఓహేర్ విమానాశ్రయం అయిదో టెర్మినల్లో సీనియర్ ఎదురొచ్చాడు. ముందు డబ్బాని పరామర్శించాడు, తర్వాత కుర్రాడిని. "ఊబర్ బుక్ చెయ్యనా అన్నా?" అంటే నవ్వాడు. షటిల్ రైలెక్కించి బ్లూ లైన్ దగ్గరికి, బ్లూ లైన్లో జాక్సన్ దాకా, అక్కడ సూట్‌కేసులు ఈడ్చుకుంటూ సొరంగం గుండా రెడ్ లైన్లోకి, అందులోంచి సాక్స్-35వ వీధి స్టేషన్‌కి. ఆ స్టేషన్ పెద్ద హైవేకి నట్టనడుమ ఉంటుంది. అటు కార్లు, ఇటు కార్లు, పైనుంచి గాలి. ప్లాట్‌ఫాం మీద నెత్తిన వేడి దీపాలుంటాయి. సీనియర్ వాటి కిందికి పోయి, "ఇగో, ఈడ నిలబడాలె. గిది ఎవ్వరూ చెప్పరు" అన్నాడు. అక్కడ అప్పటికే ఓ ముసలాయనా, పది పావురాలూ నిలబడి ఉన్నారు. వాళ్లకెవరు చెప్పారో.

"ఇది చలా తమ్మీ? 2019 జనవరి 30 నాడు చూడాలె. మైనస్ 30. పోస్టు కూడా బంద్. రైలు పట్టాల కాడ మంటలు పెట్టిండ్రు." అంతా అక్షరాలా నిజం. సెల్సియస్‌లో మైనస్ 30 దాకా పోయిన ఆ రోజు తపాలావాళ్లు ఊళ్లో ఉత్తరాలివ్వలేదు, పట్టాలు మారేచోట్ల మంటలు వెలిగించారు. కాకపోతే ఆ రోజు మన సీనియర్ కరీంనగర్‌లో ఇంటర్ ప్రాక్టికల్స్‌కి రికార్డు దిద్దుకుంటున్నాడు. ఈ కథ ఆయనకి ఆయన సీనియర్ చెప్పాడు, ఆ సీనియర్‌కి వేరొకాయన. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు స్వయంగా వణుకుతూ చెబుతారు.

ఇల్లు రెండు పడగ్గదులది, మనుషులు అయిదుగురు. ఫ్రిజ్ మీద వంట వంతుల కాగితం. కొత్తగా వచ్చినవాడికి అంట్లు. ఆ ఇంట్లో అసలు యజమాని గోడ మీది పొగ అలారం. ఆవాలు చిటపటమనగానే అది కూత మొదలెడుతుంది. అందుకని పోపు వేయడం అక్కడ ఇద్దరు మనుషుల పని: ఒకడు పొయ్యి దగ్గర, ఇంకొకడు స్టూలెక్కి అలారం ముందు టర్కీ తువ్వాలు విసురుతూ. సీనియర్ తువ్వాలు విసరడంలో దిట్ట. ఎండుమిర్చికి ఒక ఊపు, ఇంగువకి ఇంకో ఊపు. కిటికీ ఎప్పుడు తెరవాలో కూడా ఆయనే చెబుతాడు. "ఇప్పుడు తెర్వు" అనగానే బయటి మంచుగాలి లోపలికొచ్చి పప్పు మీద మీగడ కట్టించిపోతుంది.

లెక్కలన్నీ స్ప్లిట్‌వైజ్ యాప్‌లో. 79 సెంట్ల కొత్తిమీర కట్ట అయిదుగురికీ పంచితే ఆ ఒక్క సెంటు తక్కువ ఎవరికి పడాలన్నదాని మీద ఒక రాత్రి చర్చ జరిగింది. కుర్రాడు మొదటి నెలంతా ప్రతి ధరనీ రూపాయల్లోకి హెచ్చవేసి గుండె పట్టుకునేవాడు. "గుణించుడు బంద్ చెయ్, బతకలేవు" అని మందలించిన సీనియర్, బియ్యం డబ్బులు తను ఇవ్వాల్సి వచ్చినప్పుడు మాత్రం పైసలతో సహా గుణించాడు.

బియ్యం కోసం నెలకోసారి డెవాన్ వీధికి దండయాత్ర. పటేల్ బ్రదర్స్ 1974లో మొదటి దుకాణం తెరిచింది ఆ వీధిలోనే. రెడ్ లైన్లో లొయోలా దాకా పోయి, 155 నంబరు బస్సెక్కాలి. తిరుగు ప్రయాణంలో ఇరవై పౌన్ల సోనా మసూరి సంచి జూనియర్ భుజం మీద, చేటంత కరివేపాకు ప్యాకెట్ సీనియర్ చేతిలో. "కరివేపాకు నలుగుతది, జాగ్రత్తగ పట్కోవాలె" అని ఆయన సమర్థన.

ఇమ్మిగ్రేషన్ చట్టం ఆయనకి కంఠతా వచ్చు. సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకి మించి పనిచేయకూడదు, చదువయ్యాక ఉద్యోగం చేసుకోడానికి ఓపీటీ 12 నెలలు, స్టెమ్ వాళ్లకి ఇంకో 24, హెచ్-1బీ లాటరీలో 65 వేలూ 20 వేలూ వీసాలు. వంట చేస్తూ సెక్షన్లు వల్లిస్తాడు. ఆయన అసలు సబ్జెక్టు డేటా సైన్స్ అన్న సంగతి పరీక్షల ముందు రోజు రాత్రి మాత్రమే ఇంట్లోవాళ్లకి తెలుస్తుంది.

ఇక ఊరి సంగతి. వాళ్ల క్యాంపస్ గీసిన ఆర్కిటెక్ట్ మీస్ వాన్ డెర్ రోహె. విద్యార్థుల భవనం నెత్తి మీద రైలు చప్పుడు అణచడానికి 530 అడుగుల ఉక్కు గొట్టం తొడిగినవాడు రెమ్ కూల్‌హాస్, 2003లో. దాన్ని చూడటానికి దేశదేశాల నుంచి ఆర్కిటెక్చర్ చదివేవాళ్లు వస్తారు. సీనియర్‌కి ఆ భవనం గురించి తెలిసింది ఏ క్లబ్బు మీటింగులో పిజ్జా పెడతారన్నది. "వివేకానందుడు మాట్లాడింది ఈడనే తమ్మీ, 1893ల" అని మిషిగన్ అవెన్యూలో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ సింహాల పక్కన జూనియర్‌కి ఫొటో తీశాడు. లోపలికి పోదామా అన్నా అంటే, "టికెట్" అని ఒక్క ముక్క అన్నాడు.

ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు గానీ, చికాగోలో కొమ్ములు వచ్చేది ముందొచ్చినవాడికే. ఆ కొమ్ములతో ఆయన రెండేళ్లు హాయిగా ఏలాడు.

పట్టా చేతికొచ్చింది, ఓపీటీ మొదలైంది. ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులకి మించి ఉండకూడదన్న నియమం అందరికీ బోధించినవాడు, 80 దాటేదాకా తనే లెక్కపెట్టుకున్నాడు. ఆ రోజుల్లో ఇంట్లో ఎవరూ సలహా వినలేదు, అంటే ఆయనే ఇవ్వలేదు. ఆఖరికి టెక్సాస్‌లో డల్లాస్ పక్కనున్న ఇర్వింగ్‌లో ఉద్యోగం దొరికింది. తెలిసినవాళ్ల ద్వారా ఓ గది చూసుకుని, చికాగో కోటు చంకన పెట్టుకుని సెప్టెంబరు ఎండలో దిగాడు. తలుపు తీసినవాడు విజయనగరం కుర్రాడు, వచ్చి రెండు నెలలు.

"కోటు ఎందుకు తెచ్చారన్నా? ఇక్కడ దాంతో పనిలేదు."

"చికాగోల అయితే తమ్మీ, 2019 జనవరిల..."

"అది చికాగో అన్నా. ఇక్కడ ముందు కారు కొనుక్కోవాలి. రైలూ బస్సూ నమ్ముకుంటే ఆఫీసుకి చేరలేరు."

సీనియర్ కోటు మడిచి సోఫా మీద పెట్టాడు. "కారు యాడ కొనాలె తమ్మీ?" అన్నాడు మెల్లగా.

"అవన్నీ నేను చూసుకుంటాను, మీరు కంగారు పడకండి. మంగళవారం వంట మీది. పోపు వేసేటప్పుడు మాత్రం నన్ను పిలవండి, ఇక్కడి అలారం వేరే రకం."