ఉపల శాస్త్రం: ఉంగరపు వేలి కాండ

ఓపల్ అనగా ఉపలము. సంస్కృతంలో రాయి అని అర్థం. లాటిన్ వారి ‘ఓపలస్’ ఇక్కణ్నుంచే వెళ్ళిందని ఒక వాదం. వెళ్ళి ఉంటే బందరు రేవు మీదుగానే వెళ్ళి ఉంటుందని నా సిద్ధాంతం. 1652లో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే వజ్రాల కోసం దిగింది ఇక్కడే కనుక పూర్వపక్షులు నోరెత్తరాదు.

ఇక లక్షణం. ఇందులో ఉన్నది ఇసుక సరుకే, సిలికా. దానికి తోడు నీళ్ళు, సాధారణంగా 3 నుంచి 10 శాతం. అంటే మా దివిసీమే గడ్డకట్టిందన్నమాట! కంటికానని సిలికా ఉండలు ఒకే సైజులో, వరస తప్పకుండా పేర్చుకుంటే వెలుతురు వాటి మధ్య చెదిరి రంగులాడుతుందని 1964లో ఆస్ట్రేలియాలో తేల్చారు. బందరు లడ్డూల కొట్టు ముందు నిలబడ్డవాడికి ఈ పేర్పు సంగతి వేరే చెప్పక్కర్లేదు.

భేదాలు: ఆస్ట్రేలియాలో లైట్నింగ్ రిడ్జ్ నల్లది ఉత్తమం, అక్కడిదే కూబర్ పీడీ తెల్లది మధ్యమం. మెక్సికో అగ్ని ఓపల్‌కి వజ్రంలా ముఖాలు చెక్కుతారు. ఇథియోపియాది నీళ్ళు తాగి గాజులా తేలిపోతుంది, ఆరాక మళ్ళీ రంగులోకొస్తుంది. (ఈ గుణం మా ఊళ్ళో కొందరికీ ఉంది. వాళ్ళు తాగేది నీళ్ళు కాదు.)

కోతలో కిటుకు ఒక్కటే. రంగుపట్టె ఎక్కడుందో కనిపెట్టి, దాన్ని పైకి ఉంచి, తడిసాన మీద ఉబ్బెత్తుగా అరగదీయాలి. వేడెక్కితే పగులుతుంది. తొందరపడితే రంగంతా బురదై పళ్ళెంలోకి పోతుంది.

గుర్తుపట్టడానికి బల్లిశాస్త్రం కావాలి. ల్యాబులో పుట్టిన ఓపల్‌లో రంగుమచ్చలు బల్లి చర్మంలా అల్లుకుంటాయి. ఆ బల్లి జేబు మీద పడితే ధననష్టం. రెండోది, రాయిని పక్కనుంచి చూడాలి. పైన గాజు, కింద నలుపు, మధ్యన ఉల్లిపొరంత ఓపల్ ఉంటే అది ట్రిప్లెట్. చిలకలపూడి గిల్టు నగల మధ్య పెరిగిన మా పిన్ని ఎవరి నగనైనా పక్కనుంచే చూస్తుంది.

గుడివాడ బాబాయి శుక్రుడి కోసం వజ్రం కొనలేక ఓపల్ పెట్టుకున్నాడు. పిన్ని పక్కనుంచి చూసి పెదవి విరిచింది. నేను ఇథియోపియాదేనని వాదించి, రుజువు కోసం ఉంగరాన్ని రాత్రంతా గ్లాసు నీళ్ళలో వేశాను. ట్రిప్లెట్! పొరల్ని అతికించిన జిగురులోకి నీళ్ళు దిగి, తెల్లారేసరికి మజ్జిగ రంగుకి తిరిగింది. అప్పట్నుంచీ బాబాయి నాతో మాట్లాడటం లేదు. గుడివాడ నెహ్రూ చౌక్‌లో ఎక్కడైనా ఎదురైతే, శుక్రుడికి బొబ్బర్లు దానమిచ్చినా సరిపోతుందట అని మీరే కాస్త చెప్పండి.